మొదటి రౌండ్‌లో మన టీమ్ ఫలానా కుర్రాణ్ని తీసుకుంటుందంట – ఆ వార్త వచ్చాక ఏం చేయాలి

ఏప్రిల్ మూడో వారం వచ్చిందంటే మా గ్రూపులో ఎవరికీ నిద్ర ఉండదు. అర్ధరాత్రి ఎవరో ఒకరు ఒక కుర్రాడి ఫోటో పెడతారు, కింద "మనోళ్లు ఈయన్నే తీసుకుంటారంట" అని ఒక్క లైను, తెల్లారేసరికి నూట యాభై మెసేజ్‌లు. సగం మంది సూపర్ అంటారు, సగం మంది టీమ్ సర్వనాశనం అంటారు, ఆ కుర్రాడి ఆట పది నిమిషాలు కూర్చుని చూసినవాళ్లు ఇద్దరు కూడా ఉండరు. అనంతపురంలో కూర్చుని ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌ని, అంటే టీములు కొత్త కుర్రాళ్లని ఏరుకునే కార్యక్రమాన్ని, చాలా ఏళ్లుగా చూస్తున్నాను. నేను పడిన టెన్షన్‌లో, పెట్టుకున్న గొడవల్లో ఎక్కువ భాగం ఆ మొదటి గంటలో తొందరపడటం వల్లే వచ్చాయి. అందుకే ఈ మధ్యే ఈ ఆట చూడటం మొదలుపెట్టిన మనవాళ్ల కోసం, నాకు పనికొచ్చిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే ఆర్డీటీ గ్రౌండ్లో పిల్లలు కాళ్లతో ఆడే ఆటే ముందు గుర్తొస్తుంది, నేనూ అదే చూస్తూ పెరిగాను. నేను చెప్పేది అమెరికన్ ఫుట్‌బాల్. మా అక్కావాళ్లు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటారు, డాలస్ కౌబాయ్స్ ప్రాక్టీస్ చేసే చోటు ఆ ఊళ్లోనే. బావ ఫోన్లో ఆట చూపించడంతో మొదలైంది, ఇప్పుడు ఇక్కడ మేం ఎనిమిది మందిమి ఉన్నాం, అందరం కౌబాయ్సే. మీ అన్న అట్లాంటాలో ఉంటే మీరు ఫాల్కన్స్ అయి ఉండొచ్చు, మీ చెల్లెలు న్యూజెర్సీలో ఉంటే జెయింట్స్ అయి ఉండొచ్చు. టీమ్ ఏదైనా పద్ధతి ఒకటే.

డ్రాఫ్ట్ అంటే ఏంటో తెలిసినవాళ్లు ఈ పేరా వదిలేయండి. ఇది ఐపీఎల్ వేలం లాంటిది కాదు, ఇక్కడ డబ్బు పెట్టి పాట పాడరు. చిన్నప్పుడు ఆర్ట్స్ కాలేజ్ గ్రౌండ్లో ఇద్దరు కెప్టెన్లు నిలబడి నాకు వీడు, నీకు వాడు అని ఒక్కొక్కరినే పిలుచుకునేవాళ్లం చూడండి, అచ్చం అదే. కాలేజీలో ఆడే కుర్రాళ్లని, హైస్కూల్ అయి కనీసం మూడేళ్లు దాటినవాళ్లని, 32 టీములు వంతులవారీగా ఏరుకుంటాయి. పోయిన సీజన్లో అందరికంటే ఎక్కువ ఓడిన టీమ్‌ది మొదటి వంతు, సూపర్ బౌల్ (సీజన్ చివరి ఫైనల్) గెలిచినవాళ్లది 32వ వంతు. ఒక్కో వంతుని పిక్ అంటారు. వంతుల్ని టీములు ఒకరితో ఒకరు మార్చుకోవచ్చు (ట్రేడ్) కూడా, అసలు మజా అక్కడే ఉంది. మొత్తం ఏడు రౌండ్లు, మూడు రోజులు. మొదటి రౌండ్ అక్కడ గురువారం రాత్రి ఎనిమిదికి, అంటే మనకు శుక్రవారం పొద్దున ఐదున్నరకు.

ముందు ఆ వార్త ఎక్కడిదో చూడండి

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్నట్టు ఉంటుంది ఏప్రిల్ నెలంతా. మాక్ డ్రాఫ్ట్ అని ఒకటి ఉంటుంది, ఏ టీమ్ ఎవర్ని తీసుకుంటుందో విలేకరులు, విశ్లేషకులు ముందే ఊహించి రాసే జాబితా. వాటిని చదవడం నాకు చాలా ఇష్టం, కుర్రాళ్ల పేర్లు తెలిసేది వాటివల్లే. కానీ అది ఊహ. 2025లో షెదూర్ శాండర్స్‌ని ఎన్నో మాక్ డ్రాఫ్టులు మొదటి రౌండ్లో పెట్టాయి, తీరా చూస్తే ఐదో రౌండ్ దాకా ఎవరూ తీసుకోలేదు, 144వ పిక్‌తో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ తీసుకున్నారు. ఆ మధ్యలో మూడు రోజులు ఆ అబ్బాయి కోసం, ఆ అబ్బాయి మీద ఎంతమంది ఎన్ని గొడవలు పడ్డారో!

ఇంకోటి, టీములు కావాలనే పొగ పెడతాయి. ఎవరి మీద కన్నుందో పక్క టీముకు తెలిస్తే వాళ్లు ముందుకొచ్చి ఎగరేసుకుపోతారు కాబట్టి అసలు మనసులో ఉన్న పేరు బయటికి పొక్కనివ్వరు. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫోర్టీనైనర్స్ మూడు మొదటి రౌండ్ పిక్కులు ధారపోసి పన్నెండో స్థానం నుంచి మూడో స్థానానికి వచ్చారు. నెల రోజులపాటు ఎక్కడ చూసినా మాక్ జోన్స్ అనే కుర్రాడి పేరే. తీరా ఆ పొద్దున పిలిచిన పేరు ట్రే లాన్స్. నెలంతా మాక్ జోన్స్ పేరు మీద జుట్టు పీక్కున్నవాళ్ల బాధ దేనికి పనికొచ్చింది?

కాబట్టి ఫోటో రాగానే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, టీమ్ ఆ కుర్రాణ్ని పిలిపించి మాట్లాడిందా లేక ఊరికే ఊహా? టీమ్ తమ చోటికి పిలిపించుకుని మాట్లాడింది అంటే కొంచెం బరువుంది, అయినా ఒక్కో టీమ్ అలా ముప్పై మంది దాకా పిలుస్తుంది, అందులో మొదటి రౌండ్లో తీసుకునేది మామూలుగా ఒక్కరినే. ఎవరు చెప్పారో పేరు లేకుండా ఫోటో మాత్రమే వస్తే దాన్ని పక్కన పెట్టేయండి, ఫార్వర్డ్ కూడా చేయొద్దు.

ఆట చూడండి, అంకెలు తర్వాత

దీని గురించే నేను ఎక్కువ చెప్పాలనుకుంటున్నది. ఫిబ్రవరి చివర్లో ఇండియానాపొలిస్‌లో కంబైన్ అని జరుగుతుంది, కుర్రాళ్లందరినీ ఒక చోట చేర్చి నలభై గజాలు పరిగెత్తిస్తారు, ఎగరమంటారు, చేతుల పొడవు కూడా కొలుస్తారు. మా తాత సంతలో ఎద్దును కొనేటప్పుడు ముందు నోరు తెరిచి పళ్లు చూసేవాడు, రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, ఆరు పళ్లదా అని. వయసు తెలియాలి కదా, అది అవసరమే. కానీ పళ్లు చూసి ఎప్పుడూ డబ్బు ఇవ్వలేదు. కాడి కట్టి నాలుగు సాళ్లు తోలమనేవాడు, పక్క ఎద్దుతో కలిసి నడుస్తుందా, మలుపులో మెడ తిప్పుతుందా, అలిసిపోయాక ఎలా ఉంటుందా అని గట్టు మీద కూర్చుని చూసేవాడు. కంబైన్ అంటే పళ్లు చూడటం. ఆట చూడటం అంటే కాడి కట్టి చూడటం.

2017లో జాన్ రాస్ నలభై గజాలు 4.22 సెకన్లలో పరిగెత్తాడు, అప్పటికి అది రికార్డు. సిన్సినాటి బెంగాల్స్ తొమ్మిదో పిక్‌తో తీసుకున్నారు. అంత వేగం ఉన్నా దెబ్బలతో, బంతి వదిలేయడంతో అక్కడ నిలదొక్కుకోలేకపోయాడు. ఆ వెంటనే పదో పిక్‌లో కాన్సాస్ సిటీ తీసుకున్న పేరు, తర్వాత ఈ ఆటలోనే పెద్ద స్టార్ అయిన పాట్రిక్ మహోమ్స్. ఇటు పక్క చూడండి, 2025లో మా కౌబాయ్స్ పన్నెండో పిక్‌తో తీసుకున్న టైలర్ బుకర్ అదే నలభై గజాలు 5.38 సెకన్లలో పరిగెత్తాడు. ఆ అంకె చూసి మా గ్రూపులో చాలామంది నెత్తి కొట్టుకున్నారు. బుకర్ గార్డ్. గార్డ్ పని నలభై గజాలు పరిగెత్తడం కాదు, రెండు మూడు గజాల జాగాలో ఎదుటివాడు మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) మీదికి రాకుండా ఆపడం, మన బంతి పట్టుకున్నవాడికి దారి తెరవడం.

మరి ఆట ఎలా చూడాలి? హైలైట్స్ వద్దు. హైలైట్స్‌లో ప్రతి కుర్రాడూ దేవుడిలాగే కనిపిస్తాడు. యూట్యూబ్‌లో కాలేజీ ఆటలు బోలెడు దొరుకుతాయి, మూడు ఆటలు ఎంచుకోండి: ఒకటి గట్టి టీమ్‌తో ఆడినది, ఒకటి వాళ్లు ఓడిపోయినది, ఒకటి మామూలుది. ఓడిపోయిన ఆట తప్పకుండా చూడండి, మనిషి అప్పుడే తెలుస్తాడు. నేను బుకర్ కోసం 2024లో అలబామా వాండర్‌బిల్ట్ చేతిలో 40–35తో ఓడిన ఆట వెతికి పెట్టుకున్నాను.

బంతిని చూడొద్దు. ఇది మొదట్లో చాలా కష్టం, ఎందుకంటే మనకు క్రికెట్ అలవాటు, కన్ను దానంతటదే బంతి వెంట పోతుంది. నేను ఒక ఉపాయం పట్టాను. ఆట మొదలయ్యే ముందు వీడియో ఆపి, బుకర్ వేసుకునే 52 నంబరు ఎక్కడుందో వెతికి, ఫోన్ స్క్రీన్ మీద ఆ నంబరు పక్కన వేలు పెడతాను. తర్వాత ప్లే చేసి ఆ వేలి పక్క మనిషినే చూస్తాను, మిగతా మైదానంలో ఏం జరిగినా సరే. బంతి కదలగానే ముందు చేతులు ఎక్కడ పడ్డాయి, ఎదుటివాడి ఛాతీ మీదా భుజాల బయటా? కాళ్లు నేలలో పాతుకున్నాయా లేక వెనక్కి జారుతున్నాయా? ఈల ఊదే దాకా నెడుతూనే ఉన్నాడా, మధ్యలో వదిలేసి నిలబడ్డాడా? ఎన్నిసార్లు కింద పడ్డాడు? ఒక్కో ఆటకు ఇలా ఇరవై సార్లు చూస్తే చాలు, ఆ కుర్రాడి గురించి మీకు మీ సొంత మాట ఒకటి ఉంటుంది, అరువు తెచ్చుకున్నది కాదు.

పొజిషన్ మారితే చూసేది మారుతుంది. రిసీవర్ (విసిరిన బంతిని పట్టేవాడు) అయితే బంతి చేతికి రాకముందు కాపలావాడి నుంచి ఎంత దూరం విడిపోయాడో చూడాలి, క్యాచ్ తర్వాత సంగతి. కార్నర్‌బ్యాక్ (రిసీవర్‌కి కాపలా కాసేవాడు) అయితే రిసీవర్ తిరిగిన క్షణంలో వీళ్ల నడుం ఎంత తొందరగా తిరిగిందో. క్వార్టర్‌బ్యాక్ అయితే మొదట చూసిన మనిషి దొరకనప్పుడు, మీదికి ఇద్దరు దూకుతున్నప్పుడు ఏం చేశాడన్నది అన్నిటికంటే ముఖ్యం. ఖాళీగా నిలబడి అరవై గజాలు విసరడం చాలామంది చేస్తారు.

ఎన్నో నంబరులో అన్నది మర్చిపోవద్దు

మంచి ఆటగాడే, కానీ ఏ వంతులో? ఐదో పిక్‌లో తీసుకుంటే తప్పు అనిపించిన కుర్రాడే ఇరవై ఐదులో వస్తే పండగ. దీన్ని లెక్క కట్టడానికి పాత పట్టిక ఒకటి ఉంది, 1990ల మొదట్లో కౌబాయ్స్ కోచ్ జిమ్మీ జాన్సన్ హయాంలో తయారైంది. మొదటి పిక్‌కి 3000 పాయింట్లు, పదోదానికి 1300, పన్నెండుకు 1200, పదహారుకు 1000, ముప్పై రెండుకు 590. ఇప్పుడు కొత్త పట్టికలు చాలా వచ్చాయి, అయినా నేర్చుకోవడానికి ఇదే తేలిక.

ఇది తెలియకే నేను 2021లో పెద్ద తప్పు చేశాను. ఆ ఏడాది ఏప్రిల్ 30, శుక్రవారం పొద్దున. కరోనా రెండో వేవ్, ఊళ్లో ఏ వీధిలో చూసినా భయమే, మేం మిద్దె మీద కూడా విడివిడిగా కూర్చున్నాం. కౌబాయ్స్‌ది పదో పిక్. మాకు కార్నర్‌బ్యాక్ కావాలి, పాట్రిక్ సర్టెయిన్ వస్తాడని నెల రోజులుగా మొక్కుకుంటున్నాను. ఎనిమిదిలో జేసీ హార్న్ పోయాడు, అతనూ కార్నర్‌బ్యాకే. తొమ్మిదిలో డెన్వర్ వాళ్లు సర్టెయిన్‌ని పట్టుకుపోయారు. సరే అని గుండె దిటవు చేసుకునేలోపు మావాళ్లు ఆ పదో పిక్‌ని ఫిలడెల్ఫియా ఈగల్స్‌కి ఇచ్చేశారు, మాకు ఆజన్మ శత్రువులు వాళ్లు. పన్నెండుకు దిగి మైకా పార్సన్స్ అనే లైన్‌బ్యాకర్‌ని (డిఫెన్స్‌లో ముందు లైన్ వెనక నిలబడేవాణ్ని) తీసుకున్నారు. నాకు కళ్లు కనబడలేదు. బావకు నోటికొచ్చినట్టు మెసేజ్ పెట్టాను, మీ డాలస్ వాళ్లకు బుద్ధి లేదు, నువ్వూ వాళ్లని వెనకేసుకొస్తున్నావు అని. అప్పుడు అక్క అక్కడ మా అమ్మానాన్నల ఆరోగ్యం గురించి భయంతో నిద్రపోకుండా ఉంది, బావ ఆమె పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆ సమయంలో నా నుంచి వెళ్లిన మెసేజ్ అది. బావ ఏమీ అనలేదు, వారం తర్వాత నేనే ఫోన్ చేసి తప్పయిపోయింది బావా అన్నాను.

తర్వాత కూర్చుని లెక్క కట్టాను. పదో పిక్ 1300. బదులుగా ఈగల్స్ ఇచ్చింది పన్నెండు, దానితోపాటు మూడో రౌండ్లో 84వ పిక్. పట్టికలో 84కి 170. మొత్తం 1370. అంటే కావాలనుకున్నవాళ్లిద్దరూ అప్పటికే పోయారు, రెండడుగులు వెనక్కి వేసి డెబ్బై పాయింట్లు లాభం చేసుకుని, చివరికి తీసుకున్న మనిషి ఆ ఏడే పదమూడు శాక్‌లతో (క్వార్టర్‌బ్యాక్‌ని బంతి విసిరేలోపే పడగొట్టడం) డిఫెన్సివ్ రూకీ ఆఫ్ ది ఇయర్, అంటే డిఫెన్స్‌లో ఆ ఏటి మేటి కొత్త ఆటగాడు, అయ్యాడు. అలాగని నేను కోరుకున్న సర్టెయిన్ తక్కువవాడా? 2024లో డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అతనే. ఇద్దరూ మేటి ఆటగాళ్లే. పార్సన్స్‌ని 2025 ఆగస్టులో రెండు మొదటి రౌండ్ పిక్కులు, ఒక ఆటగాణ్ని తీసుకుని గ్రీన్‌బే ప్యాకర్స్‌కి ఇచ్చేశారు, ఆ బాధ నాకు ఇంకా తగ్గలేదు, అది వేరే కథ.

ఆ రోజు నుంచి నేను చేస్తున్న పని చెప్తాను, ఇది మాత్రం మీరు తప్పకుండా చేయండి. డ్రాఫ్ట్‌కి వారం ముందు ఒక నోటు పుస్తకంలో మీ టీమ్ వంతు నంబరు వేసి, ఆ నంబరుకు వీళ్లలో ఎవరొచ్చినా నాకు సంతోషమే అని ఐదు పేర్లు రాయండి. ఒక్క పేరు రాస్తే మీరు బాధ పడటానికి ముందే టికెట్ కొనుక్కున్నట్టు. ఐదు రాస్తే, ముగ్గురు ముందే పోయినా మిగిలినవాళ్లని చూస్తారు, వెనక్కి దిగే ట్రేడ్ వచ్చినప్పుడు కూడా అది ఎందుకో అర్థమవుతుంది. పక్కనే, ఎవరు ముందే పోతారనుకుంటున్నారో కూడా రాయండి.

మొదటి రౌండ్‌కి ఇంకో విలువ ఉంది, చాలామంది పట్టించుకోరు. 2011 నుంచి కొత్తవాళ్లకు నాలుగేళ్ల ఒప్పందం, జీతం వంతును బట్టి దాదాపు ముందే ఖాయం. మొదటి రౌండ్‌వాళ్లకు మాత్రమే టీమ్ ఐదో ఏడాది కూడా ఉంచుకోవచ్చు. 2018లో బాల్టిమోర్ రేవెన్స్ ట్రేడ్ చేసి మరీ 32వ పిక్‌కి వచ్చి లామార్ జాక్సన్‌ని తీసుకున్నారు, ఒక్క వంతు తర్వాత రెండో రౌండ్లో తీసుకుని ఉంటే ఆ ఐదో ఏడాది ఉండేది కాదు. అతను 2019లో, 2023లో ఎంవీపీ (సీజన్ మొత్తానికి మేటి ఆటగాడు).

మనకు ఏది లేదో అదే తీసుకోవాలా?

అభిమానుల కోపమంతా ఇక్కడే పుడుతుంది. ఇంట్లో చింతపండు అయిపోయిందని బజారుకు పోయినవాడు కందిపప్పు తెచ్చినట్టు అనిపిస్తుంది. కానీ మొదటి రౌండ్ పిక్ ఈ నెల సరుకు కాదు, నాలుగైదేళ్ల సంగతి.

2020 నవంబరులో బెంగాల్స్ క్వార్టర్‌బ్యాక్ జో బరో మోకాలు దెబ్బతింది. అతణ్ని కాపాడే లైన్ బలహీనంగా ఉంది, అందరి మాటా ఒకటే, 2021లో ఐదో పిక్‌తో లైన్ ఆటగాడు పెనే సూయల్‌ని తీసుకుని లైన్ బాగుచేయండని. వాళ్లు రిసీవర్ జమార్ చేజ్‌ని తీసుకున్నారు, కాలేజీలో బరోతో కలిసి ఆడినవాడు. చేజ్ ఆ ఏడాది అఫెన్సివ్ రూకీ ఆఫ్ ది ఇయర్, టీమ్ ఏకంగా సూపర్ బౌల్‌కి పోయింది. ఆ సూపర్ బౌల్లోనే బరోని ఏడుసార్లు శాక్ చేశారు, ఓడిపోయారు. డెట్రాయిట్‌కి పోయిన సూయల్ ఆల్‌ప్రో (తన స్థానంలో లీగ్ మొత్తానికి మేటివాళ్ల జాబితాలో ఒకడు) అయ్యాడు. ఎవరు కరెక్టు? నా అభిప్రాయం అడిగితే చేజ్‌ని తీసుకోవడం కరెక్టు, కానీ సూయల్ కావాలన్నవాళ్లని తెలివితక్కువవాళ్లు అనడానికి నాకు నోరు రాదు.

లేని చోట నింపడం కూడా ఒక్కోసారి బంగారం అవుతుంది. 2014లో కౌబాయ్స్ పదహారో పిక్ వచ్చేసరికి జానీ మంజేల్ ఇంకా ఉన్నాడు, టెక్సాస్ కుర్రాడు, ఊరంతా అతని పేరే, ఓనర్ జెర్రీ జోన్స్‌కి కూడా మనసు లాగింది. తీసుకున్నది జాక్ మార్టిన్ అనే లైన్ ఆటగాణ్ని. పేరు వినగానే ఎగిరి గంతేసినవాళ్లు తక్కువ. మార్టిన్ తొమ్మిదిసార్లు ప్రోబౌల్‌కి (మేటి ఆటగాళ్లని ఎంపిక చేసే ఆట) పోయాడు. మంజేల్ 22లో బ్రౌన్స్‌కి పోయి రెండు సీజన్లలో అయిపోయాడు. 2025లో మార్టిన్ రిటైర్ అయిన చోటనే బుకర్‌ని తెచ్చారు. రిసీవర్ కావాలి కదా అని అందరూ అరుస్తుంటే మే నెలలో ట్రేడ్ చేసి జార్జ్ పికెన్స్‌ని తెచ్చుకున్నారు. అంటే ఏప్రిల్లో కనిపించిన ఖాళీ ఏప్రిల్లోనే నిండాలని లేదు.

మాట జారకుండా

1999లో న్యూయార్క్‌లో డ్రాఫ్ట్. ఫిలడెల్ఫియా అభిమానులు రికీ విలియమ్స్ కావాలని బస్సెక్కి మరీ వచ్చారు. ఈగల్స్ రెండో పిక్‌తో డొనోవన్ మెక్‌నాబ్ పేరు పిలిచారు. ఆ కుర్రాడు జీవితంలో అంత పెద్ద రోజున స్టేజీ ఎక్కుతుంటే సొంత అభిమానులే గట్టిగా ఛీ కొట్టారు. అతను ఆ టీమ్‌కి పదకొండు సీజన్లు ఆడాడు, ఐదుసార్లు కాన్ఫరెన్స్ ఫైనల్‌కి (సూపర్ బౌల్‌కి ముందు మెట్టు), ఒకసారి సూపర్ బౌల్‌కి తీసుకెళ్లాడు. ఆ అరుపులు మాత్రం ఇప్పటికీ వీడియోల్లో అలాగే ఉన్నాయి.

మన దాకా వస్తే, మా మేనల్లుడికి పన్నెండేళ్లు, ఫ్రిస్కోలో స్కూల్ టీమ్‌లో ఆడతాడు. కొంచెం బొద్దుగా ఉంటాడు కాబట్టి లైన్లో, గార్డ్‌గా నిలబెడతారు. 2025లో బుకర్ పేరు పిలిచిన ఐదు నిమిషాలకు మా గ్రూపులో ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు, గార్డ్ అంటే ఎవరికీ చేతకాని పని, దానికి పన్నెండో పిక్ దండగ అని. బావ ఫోన్లో అది పిల్లాడు విన్నాడు. మరుసటి రోజు నాకు వీడియో కాల్ చేసి, "మామా, గార్డ్ అంటే వేస్టా?" అని అడిగాడు. నాకు గొంతు పూడుకుపోయింది. అప్పుడు ఆ వాండర్‌బిల్ట్ ఆట తీసి, స్క్రీన్ షేర్ పెట్టి, 52 నంబరు పక్కన బాణం గుర్తు పెట్టి, ఇదిగో చూడు నాన్నా, ఇక్కడ ఈయన కదలకపోతే ఆ పరుగు ఉండేదా అని గంటసేపు చూపించాను. వాయిస్ పెట్టిన తమ్ముడు తెలిసి చాలా బాధపడ్డాడు, వాడే ఫోన్ చేసి పిల్లాడితో మాట్లాడాడు.

అందుకే మా గ్రూపులో ఇప్పుడు మూడు కట్టుబాట్లు ఉన్నాయి. పిక్ పిలిచాక అరగంట దాకా టీమ్‌ని తిట్టొచ్చు, కోచ్‌ని ప్రశ్నించొచ్చు, కుర్రాడి మీద మాట్లాడకూడదు. ఆ కుర్రాడి అకౌంట్‌ని ట్యాగ్ చేసి గానీ, కింద కామెంట్ గానీ ఎప్పుడూ చెడు రాయకూడదు. అతనికి ఇరవై, ఇరవై ఒకటి ఉంటాయి, పక్కన అమ్మ కూర్చుని ఏడుస్తూ ఉంటుంది, మీ మాట వాళ్ల కంట పడుతుంది. ఇక మూడోది, ఎవరు ఏమన్నా పుస్తకంలో తేదీ వేసి రాయాలి. మూడు సీజన్లు అయ్యాక, అంటే ఆ ఐదో ఏడాదికి టీమ్ ఉంచుకుంటుందా లేదా తేల్చే మే నెలలో, ఆ పేజీ తీసి అందరం కలిసి చదువుతాం. టీమ్ డబ్బు పెట్టి తన అభిప్రాయం చెప్పే రోజు అది, మన అభిప్రాయం పక్కన పెట్టి చూసుకోవడానికి అంతకంటే మంచి రోజు లేదు.

ఆ పొద్దున ఏర్పాట్లు

ఐదుంబావుకి లేవండి. ఏప్రిల్ చివర మన ఎండల సంగతి తెలిసిందే, ఎనిమిదింటికల్లా మిద్దె కాలిపోతుంది, కాబట్టి నీడ పడే వైపు చాప వేసుకోండి. ఫోన్లు రాత్రే చార్జింగ్ పెట్టుకోండి, పొద్దున కరెంటు మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఒక్కో పిక్‌కి టైమ్ ఉంటుంది, 2008లో దాన్ని పదిహేను నిమిషాల నుంచి పదికి తగ్గించారు. అంతకుముందు ఏడాది మొదటి రౌండ్ ఆరు గంటలు దాటింది మరి. ఇప్పుడు మూడున్నర, నాలుగు గంటల్లో అయిపోతుంది, అంటే తొమ్మిది, తొమ్మిదిన్నర. మీ టీమ్‌ది పదిలోపు అయితే ఆఫీసుకు పోయేలోపు తేలిపోతుంది, ఇరవై దాటితే ఒక పూట సెలవు అడిగి పెట్టుకోండి.

మేం ఉగ్గాని, బజ్జీ ఏడింటికి తెప్పిస్తాం, అంతకుముందు తెప్పిస్తే బొరుగులు మెత్తబడి ఎవరికీ రుచించదు. మీ టీమ్ వంతుకు రెండు పిక్కుల ముందు గ్రూపులో నోటిఫికేషన్లు ఆపేయండి, కొన్నిసార్లు టీవీలో పిలిచేలోపే పేరు ఫోన్లో వచ్చేస్తుంది, ఆ ఒక్క క్షణం కోసమే కదా ఏడాదంతా చూసింది. పుస్తకం తెరిచి ఐదు పేర్లు ముందు పెట్టుకోండి. పేరు పిలిచాక అది మీ ఐదింటిలో ఉంటే పక్కన టిక్ పెట్టండి, లేకపోతే ఆ పేరు రాసి, అతని మూడు ఆటలు వెతకడం అదే రోజు సాయంత్రం మొదలుపెట్టండి.

ఐదింటిలో ఎవరైనా ఇంకా మిగిలి ఉంటే ఆ పేర్లు కొట్టేయొద్దు. కింద గీత గీసి రెండో రౌండ్ అని రాసి, రాత్రి తొందరగా పడుకోండి. అది మనకు శనివారం పొద్దున నాలుగున్నరకే మొదలు.